అర్రలో పెట్టిన తప్పులు

నల్లగొండలో గడియారం సెంటర్ దాటి కొంచెం లోపలికి పోతే, ఒక ఎరువుల దుకాణం మీద మా ఆఫీసు ఉండేది. ఆఫీసు అంటే ఒక పెద్ద గది, ఒక చిన్న గది, రెండిటి మధ్య ఎన్నడూ సరిగ్గా మూసుకోని తలుపు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన ముక్కుకు కొట్టేది. ఇప్పటికీ ఏ ఎరువుల దుకాణం ముందు నుంచి పోయినా నాకు పొలం గుర్తుకు రాదు, వెబ్‌సైట్లు గుర్తుకొస్తాయి. మా బాపుకు ఈ మాట చెబితే నవ్వి, "నీ సదువు పాడుగాను" అన్నాడు.

తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయింది అప్పటికి. నారాయణపేట ఇంకా జిల్లా కాలేదు. ఫోన్లలో డేటా అగ్గువకు దొరకడం మొదలై, ఎవరిని కదిలించినా వెబ్‌సైటు కావాలనేవారు. ఫంక్షన్ హాలు, బోర్లు వేసే బండి, ఇంగ్లిష్ మీడియం బడి, కోళ్ల ఫారం, ఎవరూ తక్కువ తినలేదు. ఆ సైట్లన్నీ కట్టి ఇవ్వడానికి మేము నలుగురం.

ఆఫీసు పెట్టినాయన్ని అన్న అనేవాళ్లం. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదిలి సొంతూరికి వచ్చేశాడు. ఎందుకు వచ్చావని అడిగితే ఒక్కో రోజు ఒక్కో కారణం చెప్పేవాడు. రంగులూ బొమ్మలూ చూసుకునేది అక్క. అక్క తల్లిగారిల్లు నారాయణపేట, మగ్గాల ఇల్లు. అత్తగారిల్లు నల్లగొండ. మూడో మనిషి సారు. రిటైరైన తెలుగు పంతులు. ఊరికే ఇంట్లో కూర్చోలేక మా దగ్గరికి వచ్చి సైట్ల మీద వచ్చే రాతంతా చూసిపెట్టేవారు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరాన్ని వెతికి పట్టుకుని మరీ టైపు చేసేవారు. ఇక నేను. కేతేపల్లి నుంచి నకిరేకల్ మీదుగా రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. డిగ్రీ చేసి, కంప్యూటర్ కోర్సు ఒకటి నేర్చుకుని, మా ఇంట్లో నెల జీతం అనే మాట మొదటిసారి పలికించినదాన్ని. ఆ గీర నాకు బాగానే ఉండేది.

కట్టిన సైటును మేము ఒకేసారి లోకం ముందు పెట్టేవాళ్లం కాదు. ముందు ఒక చాటు జాగాలో పెట్టి, తాళం వేసి, ఆ తాళం మాట మా నలుగురికీ, సైటు చేయించుకున్నవాళ్లకీ మాత్రమే చెప్పేవాళ్లం. అందరం దాన్ని తిప్పి తిప్పి చూసి, తప్పులు దిద్దాకే అసలు పేరు మీదికి ఎక్కించేది. ఆ చాటు జాగాకు సారు 'అర్ర' అని పేరు పెట్టారు. ఇంట్లో లోపలి గదిని మా దిక్కు అర్ర అంటాం. లోకానికి కనిపించేది 'వాకిలి'. "సైటు అర్రల ఉన్నదా, వాకిట్లకు వచ్చిందా?" అని అన్న ఫోనులో అడుగుతుంటే, అవతల ఉన్న కస్టమర్లు కొత్త పెళ్లికూతురి సంగతేమో అనుకునేవారు.

సారు పెట్టిన పట్టు ఇంకొకటి ఉండేది. సైటులో ఉన్న ప్రతి బొమ్మ వెనుకా ఒక వాక్యం రాసి పెట్టాలి. బొమ్మ వస్తే ఆ వాక్యం కనిపించదు, బొమ్మ రాకపోతే దాని జాగాలో ఆ వాక్యం వస్తుంది. మేము బద్ధకిస్తే ఆయనకు కోపం వచ్చేది.

"మన ఊర్లల్ల బొమ్మలు యాడొస్తయమ్మా? గిర్రగిర్ర తిరుగుతనే ఉంటయి. బొమ్మ రాకుంటే కనీసం మాటన్న రావాలె గద" అనేవారు. చివరికి ఆ పని తానే తీసుకున్నారు. మేము వెళ్లిపోయాక కూడా కూర్చుని, బొమ్మల వెనుక మాటలు ఓపిగ్గా ఎక్కించేవారు. వాటిని మేమెవరమూ చదవలేదు. ఆఫీసులో సిగ్నల్ బాగుండేది, బొమ్మలన్నీ టక్కున వచ్చేవి.

శనివారం మధ్యాహ్నం అందరి ముందూ చూపులు. ఆ వారం అర్రలో ఉన్న సైటును నలుగురం నాలుగు ఫోన్లలో తెరిచి, ఒకరి పేజీలు ఒకరం వెతికేవాళ్లం. గోడకు తెల్లబోర్డు. దాని మీద అన్న, అక్క, సారు, నేను. ఎవరి పేజీలో తప్పు దొరికితే వాళ్ల పేరు కింద ఒక గీత. ఎవరి తప్పు వాళ్లే పట్టుకుంటే లెక్కలోకి రాదు. చివర ఎవరి కింద ఎక్కువ గీతలుంటే వాళ్లు కింద బండి మీది మిర్చీలు అందరికీ తెప్పించాలి. ఎక్కువ తప్పులు పట్టినవాళ్లకు మొదటి మిర్చీ. ఎంతో సంబురంగా ఉండేది, ఒక్క నాకు తప్ప.

ఎందుకంటే ప్రతి శనివారమూ నేనే. ఫోనులో పేజీ పక్కకు జారిపోయేది నాదే. నొక్కితే ఎటూ పోని బటన్లు నావే. ఒకసారి పశువుల దవాఖాన సైటులో డాక్టరు ఫోటో ఉండాల్సిన చోట బర్రె, బర్రె ఉండాల్సిన చోట డాక్టరు వచ్చారు. అక్క నవ్వి నవ్వి కుర్చీలోంచి కిందికి జారింది. మిర్చీల ఖర్చేమీ పెద్దది కాదు. పరువు పోతుందే, అది కాలేది. పైగా కొన్ని శనివారాలు చూశాక అన్న ఒక మాట అన్నాడు.

"బోర్డు మీద అందరికన్న ఎక్కువ గీతలు నీయి వచ్చుడు ఆగాలె. యాసంగి లోపల ఆగితే నిన్ను పక్కాగ తీసుకుంట. లేకుంటే నాకూ కష్టమే అమ్మా, నీకూ కష్టమే."

తీసుకోకపోతే నేను చేసేదేమిటో నాకు తెలుసు. యాసంగి నాట్లకు అమ్మ వెంట వంగడమే. నాట్లంటే చిన్నతనమని కాదు. కానీ ఒకసారి బస్సెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, పనికిరానిదానివని అనిపించుకుని మళ్లీ మడిలోకి దిగడం నాతో కాదు. అందుకే శనివారం వస్తే నా మొఖం మాడిపోయేది. మిర్చీలు తెప్పించి, ఒక్కటీ ముట్టకుండా కిటికీ దిక్కు తిరిగి కూర్చునేదాన్ని. "ఉపాసమా?" అని అక్క అడిగితే మాట్లాడేదాన్ని కాదు. సారు మాత్రం ఏమీ అడగక, నా వాటా మిర్చీ ఒక కాగితంలో చుట్టి నా బ్యాగు పక్కన పెట్టేవారు. బస్సులో ఎవరూ చూడకుండా తినేదాన్ని.

బతుకమ్మ పండుగ దాటినప్పటి నుంచి గాలి మారింది. నా కింద గీతలు ఉంటున్నాయి కానీ అందరికన్నా ఎక్కువ కావడం లేదు. అక్క పేజీల్లో ఫోటోలు తలకిందులుగా దొరికేవి. సారు రాతలో ఒకే పేరా రెండుసార్లు వచ్చేది. ఒకసారి అన్న పేజీలో ఫంక్షన్ హాలుకు పోయే దారి నేరుగా శ్మశానానికి పోయింది. ఇవన్నీ పట్టింది నేనే. మొదటి మిర్చీ వరుసగా నాకే వస్తుంటే నా నోరు కూడా లేచింది. "ఏందక్కా, ఇన్ని తప్పులా! ఇంట్ల బావతోని లొల్లయిందా?" అనేదాన్ని. అక్క తల గోక్కునేది. ఇంటికి పోయి బాపుతో, "నేను అందరికన్న మంచిగ చేస్తున్న బాపూ" అని చెప్పాను. బాపు ఆ మాట ఊర్లో నలుగురికీ చెప్పి వచ్చాడు.

అప్పుడే నారాయణపేట చీరల సైటు వచ్చింది. అక్క పెద్దమ్మ, ఇంకొందరు నేత ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఇంతకాలం చీరలు కొనే సేటు ఎంత చెబితే అంతకు నేసి ఇచ్చారు. ఇక తమ చీర తామే అమ్ముకోవాలని, మాఘంలో పెళ్లిళ్లు మొదలయ్యేలోపల సైటు కావాలని వాళ్ల ఆరాటం. అన్న ఆ సైటును నాకే అప్పజెప్పాడు. సంప్రదించే పేజీ అక్కది, రాత సారుది, మిగతాదంతా నాది. "ఇది ఒక్కటి మంచిగ వాకిట్లకు తెచ్చినవంటే ఇగ నీ సంగతి ఫికర్ లేదు" అన్నాడు.

ఫోటోల కోసం నేనూ అక్కా ముందే ఒకసారి పోయివచ్చాం. చీరలన్నీ తీశాను. ఎర్రంచు, పచ్చంచు, గళ్లవి. ఇంతలో ఒక మేకపిల్ల మగ్గాల షెడ్డులోకి వచ్చి, మగ్గం ముందు నిలబడి వేలాడే దారాన్ని నమలబోయింది. దాన్నీ తీశాను. ఫోటోలు చూసి సారు, "చీరలకన్న మేకనే మంచిగ తీసినవమ్మా" అన్నారు. నేను అలిగాను. అయినా ఆ మేక ఫోటో మా కథ అనే పేజీలో అడుగున పెట్టుకున్నాను.

కార్తీకంలో ఒక రోజు పొద్దున్నే నలుగురం అన్న పాత కారులో బయలుదేరాం. దేవరకొండ దారి పట్టి, కల్వకుర్తి, జడ్చర్ల, పాలమూరు మీదుగా నారాయణపేట. ప్రోగ్రాం ఏమిటంటే, ముందు సంఘం ఆడవాళ్ల ముందే అర్రలో చూపులు. తప్పులన్నీ దిద్దడం. వాళ్లు తృప్తిపడ్డాక సాయంత్రం వాకిట్లోకి.

షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అంతా పండుగలా ఉంది. మగ్గాలకు పూలు చుట్టారు. ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, మధ్యలో సంఘం కోసం కొన్న కొత్త ఫోను. దానికీ బొట్టు పెట్టారు. పెద్దమ్మ ఎదురొచ్చి అన్న చెయ్యి పట్టుకుంది.

"సాయంత్రం మంచిగ లేదంట బిడ్డా. అయ్యగారు ఫోన్ చేసిండు. ఇప్పుడే కానియ్యాలె."

"చూపులు కాలే పెద్దమ్మా, ఒక్కసారి అందరం చూసినంక..."

"చూసుడేంది? మా పొల్ల చేసింది, మీరందరు చేసిండ్రు. తప్పుంటదా?"

మా పొల్ల అంటే అక్క. అక్క నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. సారు పైకప్పు దిక్కు చూశారు. వాళ్ల మొఖాలు అట్లా ఎందుకయ్యాయో నాకు అప్పుడు తెలియలేదు. ఊర్లోని ముత్తయిదువలంతా చుట్టూ నిలబడి ఉంటే అన్న కాదనలేకపోయాడు. ల్యాప్‌టాప్ తెరిచి బటన్ నొక్కాడు. సైటు అర్రలోంచి వాకిట్లోకి వచ్చింది. ఒకామె కొబ్బరికాయ కొట్టింది. నేను బాపుకు మెసేజ్ పెట్టాను.

"ఇగ ఎవలన్న మన నంబరుకు చెయ్యిండ్రి. మోగుతదో లేదో చూద్దాం" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ కోడలు తన ఫోనులో సైటు తెరిచి, 'మాతో మాట్లాడండి' అన్నచోట నొక్కింది. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టింది. అందరం పళ్లెంలోని ఫోను వైపు చూస్తున్నాం. అది మోగలేదు. కోడలి ఫోనులోంచి మాత్రం ఎవరో మగమనిషి గొంతు పలికింది.

"ఎవలూ?"

"ఇది... నారాయణపేట చీరల సంఘమేనా?" అంది కోడలు.

"చీరలా? అమ్మా, నేను హుజూర్‌నగర్‌ల వడ్లు ఎండవోసుకుంటున్న. మా తాన చీరలు లేవు. వడ్లయితే ఉన్నయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "సైటు పేరు కొట్టించిన కాగితాలు, ఈ లింకులు పొద్దుగాల నుంచి ఊరందరికి పంపినం. అందరు ఆయనకే చేస్తరా ఇగ?" అంది. సేటుతో తెగదెంపులు చేసుకుని వచ్చిన మనుషులు వాళ్లు.

అన్న నా దిక్కు తిరిగాడు.

"ఇది నీ సైటు. నంబరు ఒక్కసారన్న నొక్కి చూసినవా?"

నంబరు పేజీ అక్కదని చెప్పవచ్చు. కానీ అక్క తన తల్లిగారి ఊర్లో, తన పెద్దమ్మ ముందు నిలబడి ఉంది. నోరు రాలేదు.

"సరే. సోమవారం ఆఫీసుల మాట్లాడుకుందాం" అన్నాడు అన్న. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నా కాళ్ల కింద యాసంగి మడి బురద తగిలినట్టే అయింది.

"పొల్లనేమనకన్నా." అక్క ముందుకు వచ్చింది. "ఆ పేజీ నాది. తప్పు నేనే పెట్టిన. కావాల్నని పెట్టిన."

కోడలు గబుక్కున ఫోను కట్ చేసింది.

"కావాల్ననా?" అంది పెద్దమ్మ.

అక్క నేల చూస్తూ చెప్పింది. ప్రతి శనివారం ఈ పిల్ల కిటికీ దిక్కు తిరిగి కూర్చుంటుంటే చూడలేక, పండుగప్పటి నుంచి తన పేజీల్లో తానే తప్పులు పెడుతోందట. తలకిందుల ఫోటోలు, అటుదిటు అయిన అంకెలు, అన్నీ నాకు సులువుగా దొరికేవే. ఈ నంబరు కూడా చూపుల్లో నేనే పట్టుకుంటానని, వెంటనే దిద్దేయవచ్చని అనుకుందట. చూపులే లేకుండా బటన్ నొక్కుతారని కలగన్నదా?

పెద్దమ్మ అక్కను తిట్టిన తిట్లు నేను రాయను. సొంత మనుషుల పేరు మీద ఆటలాడతావా అన్నది వాటిలో మెత్తనిది. అక్క తల వంచుకునే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నంబరు దిద్దింది. పళ్లెంలో ఫోను మోగింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతలో అన్న కూడా తన ఫోను తీసి, కారు వెనక్కి నడిచి, ఏదో గబగబా దిద్దడం చూశాను. సైటు అడుగున అన్న పెట్టే మా ఆఫీసు చిరునామాలో ఊరు పొద్దున మహబూబ్‌నగర్ అని ఉండింది, అది నేను చూసి, చూపుల్లో పడదామని దాచుకున్నాను. ఇప్పుడు తెరిస్తే నల్లగొండ అని ఉంది.

ఇంకాసేపటికి కోడలి ఫోను మోగింది. హుజూర్‌నగర్ ఆయనే.

"అమ్మా, ఏమనుకోకు. చీరలంటివి గద, మా ఆమె పక్కనే ఉండి విన్నది. పిల్ల పెండ్లి ఉన్నది మాఘంల. చీరలు నిజంగనే ఉన్నయా అని నా పానం తీస్తాంది."

పెద్దమ్మ ఫోను లాక్కుని మాట్లాడింది. సంఘం సైటు మీద అమ్ముడైన మొదటి చీరలు హుజూర్‌నగర్ పోయాయి. అప్పుడు గానీ పెద్దమ్మ మొఖం విచ్చుకోలేదు, మాకు భోజనం పెట్టలేదు.

తిరుగు దారిలో అందరూ తేలికపడ్డారు. నేను తప్ప. వెనుక సీటులో కూర్చుని జడ్చర్ల దాటేదాకా ఏడ్చాను. అక్క నా మీద చెయ్యి వేస్తే తోసేశాను. నన్ను కాపాడిందని తెలుసు. అయినా కోపం. నేను బాపుకు ఏం చెప్పాను? అందరికన్నా మంచిగా చేస్తున్నానని చెప్పాను. అదంతా వీళ్లు పెట్టిన భిక్షేనా? గెలిచాననుకున్న ప్రతి శనివారమూ వీళ్లు లోలోపల నవ్వుకున్నారా?

కల్వకుర్తి రాగానే, "కారు ఆపున్రి" అన్నాను.

"ఏమైంది? వాంతికొస్తుందా?" అన్నాడు అన్న.

"అసలు లెక్క తియ్యాలె. మీరు పెట్టినయి తీసేసి. నిజంగ ఎవలయి ఎన్నో ఇప్పుడే తేలాలె."

ఎదురు చెప్పేవాళ్లెవరూ లేరు. రోడ్డు పక్కన కారు ఆపి, నలుగురం ఫోన్లు తీశాం. చూపులు అక్కడే జరిగాయి. బోర్డు లేదు కాబట్టి దుమ్ము పట్టిన ముందు అద్దం మీద వేలితో పేర్లు రాశాను, గీతలు గీశాను. ఎవరూ ఎవరికీ వదల్లేదు. పచ్చంచు చీరను నొక్కితే గళ్ల చీర వస్తోంది, నాది. వెనక్కి పోయే బాణం పనిచేయదు, నాది. ఒక రంగు పేరు సరిగ్గా కనిపించడం లేదు, అక్కది. లారీలవాళ్లు మమ్మల్ని చూసి హారన్లు కొట్టుకుంటూ పోతున్నారు.

చివరికి చూస్తే, అందరికన్నా ఎక్కువ గీతలు నావే. అక్క కన్నా ఒక్క గీత ఎక్కువ.

నేను రోడ్డు దాటి, బండి దగ్గర అందరికీ మిర్చీలు కట్టించుకుని వచ్చాను. ఈసారి కిటికీ దిక్కు తిరగలేదు. కారు ముందర నిలబడి అందరితో పాటు తిన్నాను. కారంతోనో ఏడుపుతోనో ముక్కు కారుతూనే ఉంది. అన్న అద్దం మీది గీతలను చాలాసేపు చూశాడు. మాట ఇచ్చింది ఆయనే, తప్పడం ఆయనకు రాదు. నేను కూడా అడగదలుచుకోలేదు. సోమవారం నుంచి రావద్దని ఆయనే అంటాడని ఎదురుచూస్తున్నాను.

అన్న కారులోంచి గుడ్డ తీసి, సీసాలో నీళ్లతో తడిపి, అద్దం శుభ్రంగా తుడిచేశాడు.

"బోర్డు ఆఫీసుల ఉంటది. ఇది కారు అద్దం. రోడ్డు కనవడాలె" అన్నాడు. డ్రైవింగ్ సీటులో కూర్చున్నాక వెనక్కి తిరగకుండానే, "సోమవారం జర జల్ది రా. కొత్త సైటు ఉన్నది, నీదే" అన్నాడు.

అక్క నా తొడ మీద గట్టిగా గిచ్చింది. నేను తిరిగి గిచ్చాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎవరినీ గిచ్చలేదు.

కారు కదిలాక నాకు ఒకటి గుర్తొచ్చింది. "మరి సారూ, మీరు? ఈ సైటుల మీరేం పెట్టలేదా?"

సారు మీసాల్లో నవ్వారు. "పెట్టిన."

"ఏది? ఏ పేజీల? మాకు దొరకలే."

"దొరకనియ్యి. దొరికిన్నాడు మిర్చీలు నా లెక్క."

ఇంటికి చేరేదాకా ఆయన రాతంతా అక్షరం అక్షరం చదివాను. ఆ వారమంతా వెతికాను. ఒక్క పొల్లు కూడా దొరకలేదు. తర్వాత పనుల్లో పడి మరిచిపోయాం. ఎప్పుడైనా గుర్తొచ్చి అడిగితే, "ఉన్నది, ఉన్నది. యాడికి పోతది?" అనేవారు.

కరోనాతో మా ఆఫీసు మూతపడింది. అన్న ఇప్పుడు వేరే వ్యాపారం చేస్తున్నాడు. అక్క తల్లిగారి ఊరికే పోయి, సంఘం పనులు చూసుకుంటోంది. సారు పోయారు. ఆ రోజుల్లో ఎవరి చావుకూ ఎవరమూ పోలేకపోయాం. నేను, అక్క, అన్న ఫోనులో కలిసి కాసేపు మాట్లాడుకున్నాం. చివరి చూపు దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

నేను హైదరాబాదు కంపెనీకి కేతేపల్లి నుంచే పని చేస్తున్నాను. మా దగ్గర కూడా సైట్లను చాటున పెట్టి చూస్తారు. కానీ తప్పులను యంత్రమే వెతికి పెడుతుంది. ఎవరి తప్పు ఎవరిదో ఎర్ర చుక్కలుగా తెర మీద వస్తుంది. టీములో ఎవరి మొఖమూ నేను నేరుగా చూసింది లేదు. అలిగి కిటికీ దిక్కు తిరిగితే చూసేవాళ్లెవరు, కాగితంలో మిర్చీ చుట్టి పెట్టేవాళ్లెవరు?

పోయినేడు అక్క ఫోను చేసింది. సంఘం సైటు పాతబడింది, కొత్తది కట్టి ఇవ్వమంది. సెలవు పెట్టి కట్టాను. పాత రాత, పాత ఫోటోలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఎత్తి కొత్త దాంట్లో పెట్టి, అర్రలో ఉంచి, అక్కకు తాళం మాట పంపాను. తను నారాయణపేటలో, నేను ఇక్కడ, ఫోనులోనే చూపులు.

"వానకు సిగ్నల్ లేదే. బొమ్మలు సగమే వస్తున్నయి" అని అక్క సణుగుతూనే ఒక్కో పేజీ చూసుకుంటూ పోయింది. మా కథ పేజీకి వచ్చాక ఆగింది.

"ఇగో, ఇక్కడ అడుగున బొమ్మ రాలే. ఏందో రాసి ఉన్నది."

"మేక అక్కా అది. నేను తీసిందే. మగ్గం ముందట మేక అనో ఏమో ఉంటది."

"కాదే" అంది అక్క. తర్వాత ఒక్కో మాటా మెల్లగా చదివింది. "కొత్తగా పని నేర్చుకుంటున్న మా అమ్మాయి. తప్పులు తక్కువ, అలక ఎక్కువ."

బొమ్మల వెనుక మాటలు రాసే మనిషి మాలో ఒక్కరే.

నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాను. తప్పులు తక్కువ అని సారు రాసింది నారాయణపేట పోకముందు. వీళ్లు తప్పులు పెట్టి నన్ను గెలిపిస్తున్న రోజుల్లో. ఆయన బోర్డును చూడనే లేదన్నమాట. ఇన్నేళ్లూ అది వాకిట్లోనే ఉంది. సిగ్నల్ లేని ఊర్లలో ఎందరో చదివే ఉంటారు. మంచి సిగ్నల్ దగ్గర కూర్చుని వెతికిన నాకు మాత్రం దొరకలేదు.

"ఉన్నవా?" అంది అక్క. "ఇది తీసేద్దామా? మేక మీద ఈ మాట తప్పే గద."

"తప్పే. ఉండనియ్యక్కా."

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చాక సెంటరుకు పోయి మిర్చీలు తెచ్చాను. అక్క అక్కడ తెప్పించింది. అన్నకు ఫోను చేసి, ఉన్నపళంగా మిర్చీలు తినమన్నాను.

"ఎందుకు? ఎవల లెక్కల?" అన్నాడు అన్న.

"సారు లెక్కల" అన్నాను.